పేదపేటలో నాట్యాచార్యురాలు

1739వ సంవత్సరము సెప్టెంబరు మాసమున, అమెరికా ఖండమునందలి దక్షిణ కెరొలైనా అను ఆంగ్లేయుల వలసరాజ్యములో, స్టోనో అను నదీతీరమున బానిసలుగానున్న ఆఫ్రికనులు కొందఱు తమ యజమానులపై తిరుగబడి, మద్దెలలు మ్రోయించుచు, స్వేచ్ఛకై దక్షిణదిశగా బయలుదేఱిరి. ఆ తిరుగుబాటు త్వరలోనే అణచివేయబడినది. కాని పాలకుల గుండెలలో మ్రోగిన మద్దెల అంత సులభముగా ఆగలేదు. మరుసటి యేటనే, అనగా 1740లో, వారొక శాసనము చేసి, బానిసలకు వ్రాత నేర్పరాదనియు, వారు గుంపుగూడరాదనియు, మద్దెలలుగాని కొమ్ములుగాని మ్రోయింపరాదనియు కట్టడి గావించిరి. వ్రాతను, మద్దెలను ఒక్క శాసనముననే నిషేధించిన ఆ పాలకులు క్రూరులేగాని, మనుష్యుని నిలబెట్టునవి యేవో ఎఱుగని అవివేకులు మాత్రము కారు.

దేహముపై సర్వాధికారము తమదేయని విఱ్ఱవీగిన యజమానులకు ఆ దేహములోని లయపై అధికారము చిక్కలేదు. మద్దెల లేనినాడు తొడలే మద్దెలలైనవి. ఱొమ్మును, మోకాళ్లను, అరచేతులను చఱచుచు, మడమతో నేలను తట్టుచు, ఒక్క మనుష్యుడే ఒక మేళమై పలికించు ఆ విద్యకు 'జూబా' యని పేరు వచ్చెను. పగలంతయు చేలలో నడుము వంచి, రాత్రివేళ ప్రార్థనకై చేరినపుడు, అందఱును వలయముగా నిలిచి, పాదము నేలను విడువకుండ ఈడ్చుచు, అపసవ్యముగా తిరుగుచు, ఒకరు పాట నెత్తికొనగా తక్కినవారు వంత పాడుచు, ఒడలు మఱచునంతవఱకు ఆడుచుండిరి. పాదము నెత్తినచో అది నాట్యమగుననియు, నాట్యము పాపమనియు మతబోధకులు చెప్పుచుండుటచే, వారు పాదము నెత్తకయే నాట్యమును దక్కించుకొనిరి. 'రింగ్ షౌట్' అను ఈ వలయనృత్యము నల్లజాతి అమెరికనుల తరువాతి నృత్యరీతులు పెక్కింటికి మూలకందము. 1840 ప్రాంతమున విలియం హెన్రీ లేన్ అను యువకుడు 'మాస్టర్ జూబా' యను పేర, బూటుకాళ్లతో తాళము పలికించి న్యూయార్కులో ప్రసిద్ధికెక్కెను. 1926లో ఆ నగరపు హార్లెము పేటయందు తెఱచిన సవాయ్ నాట్యశాలలో లిండీ హాప్ అను నృత్యము చెలరేగెను. 1973లో బ్రాంక్స్ వాడలో పుట్టిన హిప్ హాప్ సంప్రదాయమునకు చెందిన బ్రేకింగ్ నృత్యము 2024 నాటి పారిస్ ఒలింపిక్ క్రీడలలో పోటీగా ప్రవేశించెను. ఈనాడు మన పల్లెటూరి పాఠశాలల వార్షికోత్సవములలో, సినిమాపాటకు బాలురు భుజములు విఱిచి, నేలపై బొంగరమువలె తిరిగి చూపు విన్యాసములు ఆ వాడలనుండి వచ్చినవే. ఆడు బాలునకు గాని, చప్పట్లు చఱచు పెద్దలకు గాని ఆ సంగతి తెలియుట అరుదు.

ఉత్తరాంధ్రమువారికి ఈ కథ పరాయిదిగా తోచవలసిన పనిలేదు. శ్రీకాకుళ విజయనగర మండలములలో యాదవులు, అనగా గొఱ్ఱెలకాపరులైన గొల్లలు, తరతరములుగా ఆడుచువచ్చిన తప్పెటగుళ్లను మనలో చూడనివారు కొలదిమంది. గుండ్రని రేకు తప్పెటను మెడనుండి ఱొమ్ముపైకి వ్రేలాడదీసికొని, రెండుచేతులతో దానిని వాయించుచు, గజ్జెలు కట్టిన కాళ్లతో పదిహేను ఇరువదిమంది ఒక్కపెట్టున గెంతుచు, గురువు చరణ మందింపగా తక్కినవారు అందుకొనుచు, పాట నడుమ ఆట ముదిరి, ఒకరి భుజములపై నొకరు నిలిచి గోపురములు కట్టుదురు. వానలకొఱకు వేడుకొనుటకును, గంగమ్మ సంబరములకును ఆడు ఈ ఆటలో భాగవత రామాయణ కథలు కూడ ఇమిడియున్నవి. ఇందు ఆడువాడే వాయించువాడు, వాయించువాడే పాడువాడు. జూబా ఆడినవానికి ఱొమ్మే తప్పెట. మన గొల్లవానికి ఱొమ్ముపై తప్పెట. ఈ రెంటికిని చరిత్రలో సంబంధము లేదు. కాని మేళగాండ్రను పిలువగల సొమ్ము లేనివాడు తన యొడలినే మేళముగను రంగస్థలముగను మార్చుకొన్న విధము రెండుచోట్ల నొక్కటియే.

అయితే ఆఫ్రికా బానిసల చరిత్రకును మన తీరమునకును వేఱొక దారిని చుట్టరికము కలిసినది. బ్రిటిషు సామ్రాజ్యమున 1834లో బానిసత్వము రద్దు కాగా, చెఱకుతోటల దొరలు కూలీలకై మనదేశమువైపు చూచిరి. నేటి శ్రీకాకుళ విజయనగర మండలములు నాటి గంజాం, విశాఖపట్టణము జిల్లాలలోనివి. ఈ ప్రాంతపు తెలుగువారు ఒడంబడిక కూలీలై, మొదట మారిషసు ద్వీపమునకు, 1860 తరువాత దక్షిణాఫ్రికాయందలి నేటాలునకు, ఆపైని ఫిజీకి ఓడలెక్కిరి. మారిషసులో వారు దిగిన తోటలు అంతకుముందు ఆఫ్రికా బానిసలు చెమటోడ్చిన తోటలే. ఆ బానిసల ఆటయైన సెగా అక్కడనే పుట్టి, 2014లో యునెస్కోవారి మానవజాతి సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేరినది. మన కూలీల సంతతివారు నడుమ దీపము నిలిపి, దానిచుట్టు వలయముగా తిరుగుచు రాత్రంతయు పాడి ఆడు రామభజనము నేటికిని అక్కడ నిలిచియున్నది. దక్షిణాఫ్రికాలోని తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొని భాషను, భజనను కాపాడుకొనిరి. ఊరు విడిచినవానికి, పేరునకు బదులు చీటిపై సంఖ్యగా మిగిలినవానికి, వలయములో నిలిచినపుడు ప్రక్కవాని భుజము తగులును. తానొంటరి కాడని తెలియును. దీపము చుట్టు తిరిగిన తెలుగువానికిని, పాదము నీడ్చుచు తిరిగిన ఆఫ్రికావానికిని ఆ వలయ మిచ్చిన ధైర్యము ఒక్కజాతిదేయని నేను నమ్ముచున్నాను.

ఇట్లు చెదరియున్న అడుగులను ఏఱి కూర్చి, శాస్త్రముగా తీర్చి, ఆ శాస్త్రమును మరల దాని హక్కుదారుల చేతిలో పెట్టిన నాట్యాచార్యురాలు కేథరిన్ డన్హామ్. ఆమె 1909 జూను 22వ తేదీన చికాగో ప్రాంతమున జన్మించెను. తండ్రి నల్లజాతివాడు, జోలియెట్ పట్టణమున బట్టలు శుభ్రపఱచు అంగడి నడపినవాడు. తల్లి ఆమె పసితనముననే గతించెను. చికాగో విశ్వవిద్యాలయమున మానవశాస్త్రము చదువుచు, మఱొకప్రక్క నాట్యము నేర్చుచు నేర్పుచు, ఈ రెంటిలో ఒకదానిని విడువక తప్పదేమోయను సందిగ్ధములో పడిన ఆ యువతి, తుదకు ఒకదానిచే మఱొకదానిని వెలిగించుటయే తన మార్గమని నిశ్చయించుకొనెను. రోజెన్‌వాల్డ్ నిధివారి పరిశోధన సహాయమునకై వారి యెదుటికి పోయినపుడు, నీవు చేయదలచినదేమని వారడుగగా, ఉపన్యసించుటకు మారుగా నిలుచున్నచోటనే ఆడి చూపినదని ప్రసిద్ధి. సహాయము లభించెను. 1935, 36 సంవత్సరములలో ఆమె జమైకా, మార్టినిక్, ట్రినిడాడ్, హైతీ ద్వీపములలో పల్లెవాండ్ర నడుమ బ్రతికి, వారి ఆటలను వారితో కలిసి ఆడి నేర్చెను. జమైకా కొండలలో ఆకంపాంగ్ అను పల్లె కలదు. బానిసత్వమునుండి పాఱిపోయి, ఆంగ్లేయుల సేనలతో పోరాడి, స్వతంత్రులై బ్రతికిన మరూనుల సంతతివారు అచ్చట నివసింతురు. వారి పాత యుద్ధనృత్యమును ఆమె ఓర్పుతో కనిపెట్టి చూచెను. హైతీలో ఆ ప్రజల వోడూ ఆరాధనలో దీక్షను సైతము స్వీకరించెను. మార్టినిక్‌లో 'లాగ్యా' యను ద్వంద్వయుద్ధ నృత్యమును చూచి, 1938లో అదేపేర రంగస్థలమునకు ఒక నృత్యరూపకము కూర్చెను. మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడుగారు కసరత్తు నేర్చిన విజయనగరమువారికి, సాముగరిడీ చూచి పెరిగిన మనవారికి, పోరునకును లయకును గల బంధుత్వమును వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆమె తెచ్చినది అడుగుల మూట మాత్రమే కాదు. ఆఫ్రికా లయ అట్లాంటిక్ సముద్రమును దాటియు, కొరడాదెబ్బలు తినియు, మతము మాఱియు, భాష మఱచియు దేహములో చెక్కుచెదరక నిలిచెనని ఆమె గ్రహించి, దానిని నేర్పదగిన పద్ధతిగా మలచెను. డన్హామ్ పద్ధతిలో విద్యార్థి ముందుగా శ్వాసను నిలుపుకొనును. పిదప తలను, భుజములను, ప్రక్కటెముకలను, కటిని ఒక్కొక్కదానిని వేఱువేఱుగా కదల్చుట అభ్యసించును. మన నాట్యశాస్త్రము అంగ ప్రత్యంగ ఉపాంగములని చేసిన విభాగ మెఱిగినవారికి ఇది సులభముగా బోధపడును. తరువాత ఈ అవయవములు ఒకే కాలమున వేఱువేఱు గతులలో నడువవలెను; తలలో తిశ్రము, పాదములలో చతురశ్రము, నడుములో వేఱొకటి. బ్యాలే నృత్యపు కఠినశిక్షణను ఆమె త్రోసిపుచ్చక, దానిని ఈ లయకు సేవకురాలిగా నిలిపెను. తరగతి నడచునంతసేపు మద్దెలగాండ్రు ప్రక్కన వాయించుచునే యుందురు. 1940ల నడుమ న్యూయార్కులో ఆమె స్థాపించిన పాఠశాలలో నాట్యముతోపాటు మానవశాస్త్రము, భాషలు, తత్త్వము కూడ బోధింపబడుచుండెను. గాయని ఎర్తా కిట్ అచ్చట శిక్షణ పొందినది. మార్లన్ బ్రాండో, జేమ్స్ డీన్ వంటి తెల్లజాతి నటులును అచ్చటి తరగతులలో పాల్గొనిరి. తెలుపు నలుపు భేదము పాటింపని ఆ గదిలో, ఒకనాడు శాసనముచే మూగవోయిన మద్దెల గురుస్థానమున కూర్చున్నది.

ఆమె కళాబృందము దేశదేశములు తిరిగినది. 1944లో కెంటకీ రాష్ట్రమున లూయీవిల్ నగరమునందు ప్రదర్శన ముగిసి చప్పట్లు మ్రోగుచుండగా, ఆమె రంగస్థలముపైకి వచ్చి, నావంటివారిని మీ ప్రక్కన కూర్చుండనీయని ఈ మందిరమునకు ఇక రానని సభికులకు తెలియజెప్పి వెడలిపోయెను. 1950లో బ్రెజిలు దేశపు సావోపాలో నగరమున ఒక హోటలువారు వర్ణమును బట్టి ఆమెకు గది నిరాకరింపగా, ఆమె మౌనము వహింపలేదు. ఆ కలకలము ఫలితముగా 1951లో ఆ దేశము వర్ణవివక్షను నేరముగా పరిగణించు అఫోన్సో అరినోస్ శాసనము చేసినది. నల్లజాతివారిని గుంపులు చెట్లకు వ్రేలాడదీసి చంపు ఘోరమును చూపుచు 'సౌత్‌లాండ్' అను నృత్యరూపకమును ఆమె చిలీ దేశమున ప్రదర్శించినపుడు అమెరికా ప్రభుత్వప్రతినిధులకు ఆగ్రహము కలిగినది. అంతటి కీర్తి గడించినవారు, మోకాళ్ల నొప్పులతో వయసు మీఱినపిమ్మట, ఏ మహానగరముననో విశ్రాంతి వహించుట లోకసహజము. ఆమె చేసినది వేఱు.

మిసిసిపీ నదికి తూర్పుగట్టున ఈస్ట్ సెయింట్ లూయీ అను పట్టణము కలదు. పశువుల సంతలకు, మాంసపు కర్మాగారములకు, రైళ్ల కూడలికి పేరుగాంచిన ఆ పట్టణమునకు దక్షిణరాష్ట్రములనుండి నల్లజాతి కూలీలు బ్రతుకుదెరువునకై చేరగా, 1917 జూలైలో తెల్లజాతి గుంపులు వారి యిండ్లకు నిప్పంటించి కనబడినవారిని చంపినవి. ప్రభుత్వ లెక్కలో 39 మంది నల్లజాతివారు, 9 మంది తెల్లజాతివారు మృతులు; నిజమునకు చనిపోయినవారు నూటికి పైబడినారని పలువురి అంచనా. వేలకొలది జనులు ఇల్లువాకిలి కోల్పోయి వంతెన దాటి పాఱిపోయిరి. 1950లో 82 వేలకు పైబడిన జనముతో కళకళలాడిన ఆ పట్టణమునుండి తరువాత కర్మాగారములు ఒక్కొక్కటిగా తరలిపోయినవి, పనులు పోయినవి, వీథులలో యువకులు ముఠాలు కట్టి తిరుగుచుండిరి. దక్షిణ ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారి పిలుపుపై ఆ ప్రాంతమునకు వచ్చిన డన్హామ్, 1967లో, తన యేబది యెనిమిదవ యేట, ఆ పట్టణముననే నివాస మేర్పఱచుకొని, ప్రదర్శనకళల శిక్షణకేంద్రమును నెలకొల్పెను. దూరమున నుండి వారమునకొకసారి వచ్చి పాఠము చెప్పి పోవు ఉపాధ్యాయిని కాదామె. ఆ పేటలోనే ఇల్లు కొని, ఆ యిరుగుపొరుగులతో బ్రతికినది.

వచ్చిన క్రొత్తలోనే, ఆమెతోనున్న ఒక యువకుని పోలీసులు పట్టుకొనగా, కారణమేమని నిలదీసినందుకు ఆమెను సైతము నిర్బంధించిరి. ప్రపంచప్రసిద్ధురాలిని చెఱలో పెట్టితిమని తెలిసి పట్టణాధికారులు సిగ్గుపడిరి. కాని వాడలోని యువకులకు ఆ రాత్రి తెలిసినది వేఱు: తమకొఱకు చెఱసాల మెట్లెక్కిన గురువు తమకు దొరికినది. నాట్యమనిన తప్పుకొను ఆ మగపిల్లలకు ముందుగా మద్దెలయు కరాటేయు ఆశ చూపినవి. సెనెగల్ దేశమునుండి మోర్ థియామ్ అను మద్దెలవిద్వాంసుని ఆమె రప్పించెను. ఆఫ్రికా నుండి, హైతీ నుండి వచ్చిన గురువులు ఆ పట్టణపు బాలబాలికలకు వాద్యములను, ఆటలను నేర్పిరి. తమ పూర్వులు బానిసలుగా తప్ప చరిత్రలో కనబడరని తలచిన బాలునకు, నీవు వేయు ఈ అడుగు పశ్చిమాఫ్రికాలో ఒక రాజసభలోనిది, ఈ లయ సముద్రము దాటి నీవఱకు వచ్చినదని చెప్పి, చెప్పుటతో ఆగక, అతని దేహముచేతనే దానిని పలికించినచో, ఆ బాలుడు మునుపటివలె నిలుచుండడు. నిలుచు తీరే మాఱిపోవును. 1970లో వాషింగ్టనులో జరిగిన బాలల మహాసభయందు ఈ కేంద్రపు పిల్లలు ఆడిరి. తాను దేశదేశములనుండి సేకరించిన వాద్యములు, ముసుగులు, శిల్పములు, దుస్తులు మహానగరపు ప్రదర్శనశాలలకు పోకుండ, 1977లో ఆ పేదపట్టణముననే వస్తుశాలగా వెలసినవి.

నాట్యముచే ఆ పట్టణమునకు కర్మాగారములు తిరిగి రాలేదు. నేడక్కడి జనాభా ఇరువదివేలకు లోపు. పేదఱికమును తీర్చుటకు కూలియు భూమియు చదువును న్యాయమును కావలెను; ఆ పని నాట్యాచార్యులది కాదు, వారు చేయలేదని నిందించుటయు ధర్మము కాదు. డన్హామ్ చేసిన పని మఱొకటి: ఆ వాడవారు తమవికావని విడిచిన వస్తువును వారిదేయని నిరూపించి, దానిని నేర్చుటలోని క్రమశిక్షణను వారి దినచర్యగా చేసినది. గంటకొట్టినపుడు హాజరగుట, ప్రక్కవాని అడుగును గమనించుట, తప్పిన తాళమును కోపగింపక మరల ఎత్తుకొనుట, తనకంటె చిన్నవానికి నేర్పుట, ఇవి నాట్యశాలలోనే కాదు, బ్రతుకులోను పనికివచ్చును. ఆమె పోరాటబుద్ధియు వృద్ధాప్యమున చల్లాఱలేదు. 1992లో హైతీ శరణార్థులను అమెరికా త్రిప్పి పంపుటను నిరసించుచు, ఎనుబది రెండవ యేట ఆమె 47 దినములు నిరాహారవ్రతము పట్టెను. పదవీచ్యుతుడైన హైతీ అధ్యక్షుడు ఆరిస్టీడ్ స్వయముగా వచ్చి వేడుకొనినపిమ్మటనే విరమించెను. 2006 మే 21న ఆమె గతించెను.

ఆమె యొక్కతెయే కాదు. న్యూయార్క్ సిటీ బ్యాలేలో ప్రధాననర్తకుడైన తొలి నల్లజాతి కళాకారుడు ఆర్థర్ మిచెల్, 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హతుడైన వార్త విని, తాను పుట్టిపెరిగిన హార్లెమునకు తిరిగివచ్చి, కార్లు నిలుపు ఒక షెడ్డులో ముప్పదిమంది పిల్లలతో నాట్యతరగతి ప్రారంభించి, వీథిలో పోవువారు చూచి లోనికి వచ్చునట్లు తలుపులు తెఱచియే యుంచెను. కొలది మాసములలో పిల్లల సంఖ్య నాలుగువందలైనది. 1969లో అది డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్ అను సంస్థయై నేటికిని నడచుచున్నది.

ఇక మన యింటి సంగతి. విజయనగర సంస్థానమున ఒకప్పుడు కలావంతుల నాట్యము ఎంతటి ప్రౌఢిమగలదో, గురజాడ అప్పారావుగారి నాటకములోని మధురవాణిని చదివిన ప్రతివారికి కొంత ఊహ కలదు. వారిని బంధించిన దేవదాసీ వ్యవస్థ దురాచారము. అది పోవలసినదే, అందు సందేహము లేదు. సంస్కర్తల ప్రబోధము, దానిపై 1947 నాటి మద్రాసు శాసనము ఆ బంధనమును త్రెంచినవి. కాని త్రెంచినపిదప ఆ స్త్రీలు తరతరములుగా కాపాడిన అభినయమునకు, లాస్యమునకు, పదములకు వారినే గురువులుగా నిలిపి గౌరవించుట మఱచితిమి. వారి కళ వేఱొకరి యింట వెలుగుచుండ, వారు తమ పేరు చెప్పుకొనుటకు సిగ్గుపడి, గజ్జెలను పెట్టెలలో దాచిరి. కళను తీసికొని కళాకారిణిని విడిచితిమి. డన్హామ్ నుండి మనము నేర్వవలసినదంతయు ఈ యొక్క లోపములోనే యున్నది: కళను, దానిని కాపాడిన జనమును వేఱుచేయని గురుత్వమే సమాజమును లేవనెత్తగలది.

ఆ లోపమును తన జీవితమంతయు వెచ్చించి పూరింప యత్నించినవాడు నటరాజ రామకృష్ణ. 1923లో జన్మించి 2011లో గతించిన ఆ ఆచార్యుడు, జాయపసేనాని నృత్తరత్నావళిని, రామప్పగుడి శిల్పములను ఆధారము చేసికొని పేరిణి నృత్యమును పునరుద్ధరించినవాడుగా ఎక్కువమందికి తెలియును. నా దృష్టిలో అంతకు మిక్కిలియైన ఆయన ఘనకార్యము, వృద్ధులైన ఆలయనర్తకీమణుల యిండ్లకు శిష్యుడై పోయి, వారియెదుట కూర్చుండి నేర్చి, వారిని వేదికలపైకి గౌరవముతో తోడ్కొనివచ్చి, వారి విద్యకు ఆంధ్రనాట్యమని పేరుపెట్టి నిలుపుట. అంతవఱకు తలవంచుకొని బ్రతికిన ఆ స్త్రీలను సభలో గురువులని పిలిచిన ఆ దినము తెలుగుదేశపు నాట్యచరిత్రలో శుభదినము.

విజయనగరమునకు ఇట్టి ఔదార్యము క్రొత్తకాదు. చూపులేని ఒక బాలునకు సంగీతము నేర్పించుటకై తలపెట్టి, విజయరామ గజపతిరాజు 1919లో సంగీత పాఠశాలను స్థాపించెనని ప్రతీతి. కాలికి గజ్జెలు కట్టి, పాటను ఆటను అభినయమును ఒక్కరే పోషించు హరికథను మహోన్నతస్థితికి తెచ్చిన ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. ద్వారం వేంకటస్వామినాయుడుగారు వాయులీనాచార్యులు. తండ్రి లేని ఘంటసాల వేంకటేశ్వరరావు అనువాడు మధూకరమెత్తి కడుపు నింపుకొనుచు అచ్చట చదివి, తెలుగువారి గొంతుకయైనాడు. ఆ సంస్థ నేటికిని ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలగా నడచుచున్నది. పేదపిల్లవానికి ఒక గది, ఒక గురువు, ఒక పూట అన్నము దొరికినచో ఏమగునో చూపుటకు విజయనగరమువారు అమెరికా పోనక్కఱలేదు.

మఱి తప్పెటగుళ్ల గురువునకు ఆ గది యేది? పార్వతీపురము మన్యమున సవరలు, జాతాపులు ఆడు ఆటలకు, శ్రీకాకుళపు పల్లెలలో మిగిలిన తూర్పుభాగోతపు మద్దెలకు, జముకుల కథకు ఆ వేతనమేది? అధికారులు వచ్చునపుడు స్వాగతమునకు, ఊరేగింపులో ముందు నడుచుటకు వారిని పిలిచెదము, ఎండలో నిలిపెదము, గుంపును ఫోటో తీసెదము, గురువు పేరడుగము. కాపరికొడుకు బడిలో తప్పెట ప్రసక్తి వచ్చినపుడు తండ్రి వృత్తి తెలియునని జంకి తలవంచుకొనినచో, ఆ జంకు వాని తప్పు కాదు, మనది. కులము పేరుతో కళను తక్కువచేయుట, కళ పేరుతో కులమును వేదికపై ప్రదర్శనవస్తువుగా నిలుపుట, రెండును ఒకే అవమానపు రెండు ముఖములు.

పట్టణములలో సినిమానృత్యము నేర్పు డాన్స్ మాస్టర్లను నేను తక్కువచేయను. వీథిలో తిరుగు పిల్లవానిని సాయంకాలమున ఒక గదిలోనికి తెచ్చి, చెమటోడ్పించి, పదిమందితో కలిసి అడుగు వేయించు ఆ యువగురువులు గొప్ప సేవ చేయుచున్నారు. వారిని నేను కోరునదొక్కటి: హిప్ హాప్ నేర్పునపుడు అది యే వాడలో, యే జనుల బాధలో పుట్టినదో రెండుమాటలు చెప్పుడు, తదుపరి వారమున మీ మండలములోని తప్పెటగుళ్ల గురువును మీ గదికి పిలిచి, పిల్లలచేత ఆయనకు నమస్కరింపజేసి, నాలుగు గెంతులు నేర్పింపుడు. రెండు విద్యలకును ప్రాణము లయయే గనుక పిల్లలు త్వరగా పట్టుకొందురు.

పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు, గ్రామపెద్దలకు, సంబరములు జరిపించు కమిటీలవారికి నా విన్నపము. విజయదశమి వెళ్లిన మంగళవారమున పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవమునకు గాని, మీ యూరి గంగమ్మ సంబరమునకు గాని బృందమును పిలుచునపుడు, గురువు పేరును ఊరి పేరును గోడపత్రికపై పెద్దయక్షరములలో అచ్చువేయింపుడు. చెప్పిన సొమ్మును ఆట ముగిసిన రాత్రియే చెల్లింపుడు. వారమునకు రెండు సాయంకాలములు మీ బడిలో ఒక గది తెఱచి, వేతనమిచ్చి, ఆ గురువునే ఉపాధ్యాయునిగా కూర్చుండబెట్టుడు. ఆ తరగతికి యాదవుల పిల్లలను మాత్రమే గాక, అన్నికులముల పిల్లలను, మగపిల్లలతో సమానముగా ఆడపిల్లలను పంపుడు. మొదటిదినమున మీ పిల్లను మీరే వెంటబెట్టుకొని పోవుడు.